చాపకూడు నుంచి ప్రభువు బల్ల దాకా: మలయా తోటల్లో క్షమాపణ, రక్షణ

పల్నాటి కథ విన్న తెలుగువారికి బ్రహ్మనాయుడి చాపకూడు గురించి కొత్తగా చెప్పనక్కరలేదు. కులం అడగకుండా అందరినీ ఒకే చాప మీద కూర్చోబెట్టి అన్నం పెట్టించాడని వీరగాథ చెబుతుంది. ఎవరు ఎవరి పక్కన కూర్చుని తింటారన్నది మన దేశంలో ఏనాడూ చిన్న విషయం కాదు. మనుషులందరూ ఒకటేనని ఏ మతం చెప్పినా, ఏ సంస్కర్త చెప్పినా, మనవాళ్ళు ఆ మాటను తూచిన తూనిక ఒకటే. పంక్తిలో నా చోటు ఎక్కడ?

క్రైస్తవ సంఘంలో ఆ పంక్తికి 'ప్రభువు బల్ల' అని పేరు. రొట్టె ఒకటే, పాత్ర ఒకటే. పాపక్షమాపణ పొందిన ప్రతివారూ ఆ బల్లలో పాలుపుచ్చుకోవచ్చు. రాజైనా, కూలీ అయినా, దొర అయినా, మేస్త్రీ అయినా రక్షణ ఒక్కటేనని బోధ. ఈ మాట మన కోస్తా జిల్లాల్లో ఏం చేసింది? సముద్రం దాటి మలయా రబ్బరు తోటలకు వెళ్ళాక దానికి ఏమైంది? అక్కడ యుద్ధం వచ్చినప్పుడు ఆ మాట ఎంతవరకు నిలబడింది? ఈ వ్యాసం ఆ మూడు ప్రశ్నల గురించి. మలయా వెళ్ళిన తెలుగువారిలో అత్యధికులు హిందువులే. క్రైస్తవులు కొద్దిమంది. అయినా ఈ ప్రశ్న ఆ కొద్దిమందికే సంబంధించినది కాదు. తోటలో పనిచేసిన ప్రతి మనిషికీ ఎక్కడో ఒకచోట ఇది ఎదురైంది.

ఒంగోలులో ఒక నిర్ణయం

కథ 1866లో ఒంగోలు దగ్గర మొదలుపెడదాం. అమెరికన్ బాప్టిస్టు మిషన్ 1836లోనే తెలుగు దేశానికి వచ్చింది. ముప్పై ఏళ్ళ తరువాత కూడా దాని ఫలితం చాలా స్వల్పం. ఆ మిషన్ మూసేద్దామని అమెరికాలో ఒకటికి రెండుసార్లు ఆలోచించారు కూడా. అలాంటి సమయంలో జాన్ క్లౌ దొర ఒంగోలు వచ్చారు. అప్పటికే యర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ కులస్థుడు బాప్తిస్మం పొంది, తోళ్ళ వ్యాపారం మీద ఊళ్ళు తిరుగుతూ తన వాళ్ళకు సువార్త చెబుతున్నాడు. ఇది తరచూ మరిచిపోయే సంగతి. ఆ ప్రాంతంలో ఆ ఉద్యమాన్ని మొదట నడిపింది దొర కాదు, పేరయ్య.

క్లౌ దగ్గరికి రెండు వర్గాలవారు వచ్చారు. ఒకవైపు ఊళ్ళోని బ్రాహ్మణులు, చదువుకున్న పెద్దలు. తమ పిల్లలను బడికి పంపారు, బోధ వినడానికి ఆసక్తి చూపారు. మరోవైపు పల్లెల నుంచి మాదిగలు. పెద్దల మాట స్పష్టంగా ఉంది. వాళ్ళను చేర్చుకుంటే మేం రాం. అగ్రవర్ణాలు వస్తే మిగతావారు వాళ్ళ వెనుక వస్తారన్నది ఆనాటి చాలామంది మిషనరీల నమ్మకం. క్లౌ తరువాత చెప్పుకున్న ప్రకారం, ఏం చేయాలో తోచక ఒక గదిలో ఆయనా, మరో గదిలో ఆయన భార్యా ఒకరికి తెలియకుండా ఒకరు బైబిలు తెరిస్తే ఇద్దరికీ ఒకే భాగం కనిపించింది. కొరింథీయులకు పౌలు రాసిన మొదటి పత్రిక మొదటి అధ్యాయంలో, దేవుడు పిలిచినవారిలో లోకం దృష్టికి జ్ఞానులు, ఘనులు ఎక్కువమంది లేరని చెప్పే భాగం అది. మరునాటి నుంచి నిర్ణయం మారలేదు. మాదిగలు వచ్చారు, ఊరి పెద్దల పిల్లలు బడి మానేశారు.

1876-78 కరువులో క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ళ పని కాంట్రాక్టు తీసుకుని వేలాది మందికి కూలి ఇప్పించారు. ఆ కాలంలో బాప్తిస్మాలు ఆపేశారు. గంజి కోసం మతం మారారన్న మాట రాకూడదని ఆయన పట్టుదల. కరువు తీరాక, ఇక చేతిలో పంచడానికి ఏమీ లేదని చెప్పిన తరువాత కూడా జనం వచ్చారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజులో 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. ఇచ్చినవారు తెలుగు బోధకులే. ఇద్దరిద్దరు చొప్పున నీళ్ళలో దిగి, అలసిపోగానే మరో ఇద్దరికి చోటిచ్చారు.

ఆ జనం ఏం విన్నారు? 'నీ పుట్టుక నీ పాపఫలం' అని తరతరాలుగా విన్నవారు వాళ్ళు. ఇప్పుడు విన్నది వేరు. పాపం అందరిదీ, క్షమాపణ అందరిదీ, దానికి వెల లేదు. బ్రాహ్మణుడికీ అదే క్షమాపణ, మాదిగకూ అదే. పాపంలో అందరినీ ఒకే వరుసలో నిలబెట్టిన బోధ, క్షమాపణలోనూ ఒకే వరుసలో కూర్చోబెట్టింది. ఆ మాట బలం అక్కడ ఉంది.

పై కులాలవారు రాలేదని కాదు. 1803లో బ్రాహ్మణ కుటుంబంలో పుట్టిన పురుషోత్తమ చౌదరి క్రైస్తవుడై రాసిన కీర్తనలు నేటికీ తెలుగు సంఘాలన్నిటిలో పాడుతున్నారు. ఆయన పాట మాలపల్లెలోనూ, మాదిగపల్లెలోనూ చర్చిలో వినిపించింది. అంతకు ఎంతో ముందే, 18వ శతాబ్దంలో జెసూట్ ఫాదర్ల బోధతో రాయలసీమ వైపు రెడ్డి, కమ్మ కుటుంబాలు కొన్ని కథోలికులయ్యాయి. వారిలో కొందరు తరువాత గుంటూరు ప్రాంతానికి వలస వచ్చారు. కాబట్టి తలుపు అందరికీ తెరిచే ఉంది. చిక్కంతా లోపలికి వచ్చాక ఎవరు ఎక్కడ కూర్చోవాలన్న దగ్గర వచ్చింది.

గుడిలోకి వచ్చిన గోడ

దక్షిణాదిలో ఈ తగవు పాతది. తరంగంబాడి, తంజావూరు సంఘాల్లో కులాల వారీగా వేర్వేరు చోట్ల కూర్చోవడం చాలాకాలం సాగింది. కలకత్తా బిషప్ డేనియల్ విల్సన్ 1833లో ఒక ఉత్తరం రాసి, సంఘంలో కులభేదం వెంటనే, పూర్తిగా పోవాలన్నారు. మద్రాసు వేపేరిలోనూ, తంజావూరులోనూ ఎందరో సంఘం విడిచి వెళ్ళారు గాని ఒకే పాత్రలో తాగడానికి ఒప్పుకోలేదు. తిరునల్వేలి జిల్లా వడక్కన్‌కుళంలో కథోలిక దేవాలయంలోనే రెండు కులాల మధ్య గోడ ఉండేది. దాన్ని 1910లో కూల్చినప్పుడు ఆ గొడవ కోర్టుకెక్కింది.

తెలుగు సంఘాల్లో తగవు మరో రూపం తీసుకుంది. ఒక మిషన్‌లో ఒక కులం, మరో మిషన్‌లో మరో కులం ఎక్కువగా చేరడంతో చాలా ఊళ్ళలో గోడ అవసరమే రాలేదు. చర్చిలే వేరయ్యాయి. రక్షణ ఒక్కటే గాని, గంటలు రెండు చోట్ల మోగాయి. మలయా ఓడ ఎక్కినవారు తమతో తీసుకువెళ్ళింది ఈ రెంటినీ. సమానత్వపు మాటనూ, దాన్ని పూర్తిగా పాటించని అలవాటునూ.

తోటలో కూలి, ద్రాక్షతోటలో కూలి

మలయాకు తెలుగువారి వలస 19వ శతాబ్దం చివరి భాగంలో ఊపందుకుంది. విశాఖపట్నం, గోదావరి ప్రాంతాల నుంచి, చిత్తూరు వైపు నుంచి వెళ్ళినవారు పెరాక్ రాష్ట్రంలోని బాగన్ దాతో కొబ్బరి తోటల్లోనూ, ఇతర చోట్ల రబ్బరు తోటల్లోనూ స్థిరపడ్డారు. గిర్మిటు పద్ధతి మలయాలో 1910లో ముగిసింది. అటు తరువాత కంగాణీ, అంటే మన మేస్త్రీ, సొంత ఊరికి వచ్చి తన వాళ్ళను, తెలిసినవాళ్ళను పోగుచేసి తీసుకువెళ్ళే పద్ధతి 1938లో భారత ప్రభుత్వం నిషేధించేదాకా నడిచింది. మద్రాసు దగ్గర ఆవడిలోనూ, నాగపట్నంలోనూ వలస డిపోలు ఉండేవి. ఓడ డెక్కు మీద ఎవరి పక్కన ఎవరు పడుకోవాలో ఎంచుకునే వీలు లేదు. అక్కడ కులం కొంత సడలింది.

తోటకు చేరాక మళ్ళీ బిగుసుకుంది. లైన్ ఇళ్ళలో ఆదిద్రావిడులకు వేరు వరుసలు కేటాయించిన తోటలు చాలానే ఉన్నాయి. మలయా తోటల మీద రవీంద్ర కె. జైన్ చేసి 1970లో ప్రచురించిన అధ్యయనం చదివితే, సముద్రం దాటి ఎన్నో దశాబ్దాలు గడిచినా ఆ గీతలు చెరిగిపోలేదని తెలుస్తుంది. వీటికి తోడు కొత్త మెట్లు ఏర్పడ్డాయి. పైన దొర, కింద గుమాస్తా, ఆ కింద మేస్త్రీ, అందరికన్నా కింద కూలీ. భారతీయుల్లో అధిక సంఖ్యాకులు తమిళులు కావడంతో తెలుగు కూలీకి భాష విషయంలో కూడా రెండో చోటే దక్కింది.

తెల్లవారుజామున పేర్లు పిలిచే హాజరును తోటల్లో 'పెరట్టు' అనేవారు. పేరు పలికితే ఆ రోజు కూలి ఉంది. పలకకపోతే లేదు. 1920ల చివర సులువుగా చేరగల ప్రాంతాల తోటల్లో ప్రామాణిక కూలి రోజుకు మగవారికి 50 సెంట్లు, ఆడవారికి 40 సెంట్లు. 1930ల ఆర్థిక మాంద్యంలో అదీ తెగ్గోశారు.

ఈ వాతావరణంలో మత్తయి సువార్త 20వ అధ్యాయంలోని ద్రాక్షతోట ఉపమానం వినిపిస్తే ఎలా ఉంటుందో ఊహించండి. యజమాని తెల్లవారగానే సంతకు వెళ్ళి కూలీలను పిలుస్తాడు. మళ్ళీ మధ్యాహ్నం వెళ్తాడు, సాయంత్రం ఒక గంట పొద్దు ఉందనగా కూడా వెళ్తాడు. తమను ఎవరూ పిలవలేదని నిలబడి ఉన్నవారిని తోటకు పంపుతాడు. చివరికి అందరికీ ఒకే నాణెం ఇస్తాడు. పొద్దున్నే వచ్చినవారు సణుగుతారు. మేడ మీద కూర్చుని చదివేవారికి ఇది వేదాంత చర్చ. పెరట్టులో పేరు పలకక ఇంటికి తిరిగివచ్చిన మనిషికి ఇది సొంత కథ. పని దొరకని మనిషి ఆకలి కూడా ఆకలేనని, అతనికీ అదే నాణెం చెందుతుందని చెప్పే యజమాని అతనికి ఏ తోటలోనూ కనిపించలేదు. రక్షణ ఉచితం అన్న మాటకు కూలీ భాషలో అర్థం ఇదే.

చర్చి ఈ కూలీని చేరుకోవడానికి ప్రయత్నించలేదని అనలేం. పారిస్ విదేశీ మిషన్ సంఘానికి చెందిన ఫాదర్ రెనే ఫే 1880ల్లో పెరాక్‌లోని బాగన్ సెరాయ్ దగ్గర తమిళ కథోలికులకోసం ఒక వ్యవసాయ గ్రామం ఏర్పాటు చేశారు. కూలీగా వచ్చినవాడు రైతుగా నిలబడగలిగిన అరుదైన చోటు అది. ఆయనే తరువాత మలక్కా బిషప్ అయ్యారు. కౌలాలంపూర్ పుడులో 1910లో కట్టిన సెయింట్ ఆంథోనీ దేవాలయం, బ్రిక్‌ఫీల్డ్స్‌లో 1924 నాటి లూథరన్ జియాన్ చర్చి, 1885లో సింగపూరులో మొదలై ద్వీపకల్పమంతా విస్తరించిన మెథడిస్టు సంఘం, అన్నీ భారతీయ శ్రామికుల మధ్య పనిచేశాయి. మెథడిస్టు బడుల్లో తోట కూలీల పిల్లలు కొందరు గుమాస్తాలు, టీచర్లు అయ్యారు.

కాని ఇక్కడా చోటు సమస్య తీరలేదు. దొరలకు ఇంగ్లీషు ఆరాధన, భారతీయులకు తమిళ ఆరాధన, చైనీయులకు వారి భాషలో మరొకటి. భాష తెలియకపోతే బోధ అర్థం కాదు కాబట్టి ఇందులో న్యాయం ఉంది. అయితే దీనివల్ల తోట దొర, తోట కూలీ ఇద్దరూ క్రైస్తవులే అయినా ఒకే ఆదివారం ఒకే బల్ల దగ్గర మోకరించే అవసరం చాలాచోట్ల రాలేదు. తెలుగు క్రైస్తవుడు తన ప్రార్థన తెలుగులో ఇంటి దగ్గర చేసుకుని, ఆరాధనకు తమిళ సంఘానికి వెళ్ళాల్సి వచ్చింది. తోటల్లో కులసమానత్వం గురించి మాట్లాడింది చర్చి ఒక్కటే కాదన్నది కూడా మరవకూడదు. పెరియార్ ఇ.వి. రామసామి 1929 డిసెంబరులో మలయా వచ్చి ఆత్మగౌరవం గురించి సభల్లో మాట్లాడినప్పుడు వినడానికి పెద్ద సంఖ్యలో జనం వచ్చారు. దేవుడి పేరుతో వచ్చిన సమానత్వమూ, దేవుడు అక్కర్లేదన్న సమానత్వమూ ఒకే లైన్ ఇళ్ళ తలుపు తట్టాయి.

చెర గదిలో కొన్ని అన్నపు మెతుకులు

1942 ఫిబ్రవరిలో సింగపూరు జపాన్ వశమైంది. మలయా అంతా అప్పటికే పోయింది. నిన్నటి దాకా పైనున్న దొరలు ఖైదీలయ్యారు. మెట్లన్నీ తలకిందులయ్యాయి.

సింగపూరు ఆంగ్లికన్ డయాసిస్‌లో అప్పుడు మలయా కూడా భాగం. దాని బిషప్ లియొనార్డ్ విల్సన్. ఆండ్రూ ఒగావా అనే జపాన్ అధికారి తానూ ఆంగ్లికన్ క్రైస్తవుడు కావడంతో, కొంతకాలం బిషప్ తన పని చేసుకోవడానికి వీలు కల్పించాడు. తరువాత ఆయననూ చాంగీ చెరకు పంపారు. 1943 సెప్టెంబరు చివర మిత్రదేశాల కమాండోలు సింగపూరు రేవులో ఏడు ఓడలను దెబ్బతీశారు. చెరలోనివారే సమాచారం అందించారని జపాన్ సైనిక పోలీసు విభాగం కెంపెతాయి అనుమానించింది. అక్టోబరు 10న సోదాలు మొదలయ్యాయి. పట్టుకున్నవారు 57 మంది, వారిలో చనిపోయినవారు 15 మంది. బిషప్ విల్సన్‌ను కూడా తీసుకువెళ్ళి రోజుల తరబడి కొట్టారు.

ఆ ఇరుకు గదుల్లో వేర్వేరు జాతులవారిని కలిపి కుక్కారు. అక్కడ విల్సన్ మాడిన అన్నపు మెతుకులతో ప్రభువు బల్ల జరిపించారు. రొట్టె లేదు, ద్రాక్షారసం లేదు, ముందు వరుస, వెనుక వరుస లేవు. బయట ఎన్నో ఏళ్ళుగా కుదరని పంక్తి చెరలో కుదిరింది.

1946 అక్టోబరులో బీబీసీ రేడియోలో చేసిన ప్రసంగంలో విల్సన్ ఈ అనుభవం చెప్పారు. కొడుతున్నవారిని క్షమించమని ప్రార్థించడం తనకు ఎంత కష్టమైందో దాచలేదు. వాళ్ళు కూడా ఒకప్పుడు తల్లిదండ్రుల చేతుల్లో ఆడుకున్న పిల్లలేనని ఊహించుకున్నాకే ద్వేషం తగ్గిందన్నారు. యుద్ధం ముగిశాక, తనను హింసించినవారిలో ఒకడు క్రైస్తవుడై వచ్చినప్పుడు ఆ బిషప్పే అతని తల మీద చేతులుంచి సంఘ సభ్యుడిగా చేర్చుకున్నారు.

ఇక్కడ ఒక సంగతి గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. క్షమాపణ న్యాయాన్ని రద్దు చేయలేదు. 1946 మార్చి, ఏప్రిల్ నెలల్లో సింగపూరులో ఈ కేసు విచారణ జరిగింది. 21 మంది నిందితుల్లో 8 మందికి ఉరిశిక్ష, ఆరుగురికి జైలు పడ్డాయి, ఏడుగురు నిర్దోషులుగా బయటపడ్డారు. తప్పు తప్పేనని కోర్టు చెప్పింది. తప్పు చేసినవాడికి కూడా బల్ల దగ్గర చోటు ఉందని సంఘం చెప్పింది. రెండూ వేర్వేరు మాటలు, రెండూ కావలసినవే.

ద్వీపకల్పంలో మరో కథ ఉంది. పెరాక్‌లోని పాపాన్ అనే చిన్న ఊళ్ళో కథోలిక నర్సు సిబిల్ కార్తిగేసు, ఆమె డాక్టరు భర్త పేదలకు వైద్యం చేస్తూ, అడవిలోని ప్రతిఘటన దళాలవారికి కూడా రహస్యంగా మందులిచ్చారు. వచ్చినవాడి జాతి, మతం, పార్టీ ఆమె అడగలేదు. 1943లో పట్టుబడి ఘోరమైన హింసలు పడ్డారు. ఆమె పసికూతురిని చెట్టుకు వేలాడదీసి కింద మంట పెట్టి బెదిరించినా నోరు విప్పలేదు. యుద్ధం తరువాత బ్రిటన్ ఆమెకు జార్జి మెడల్ ఇచ్చింది. ఆ గాయాల వల్లే 1948లో మరణించారు. ఆమె సమాధి ఇపోలో ఉంది. అందరికీ తెరిచిన తలుపు అంటే ఏమిటో ఆ డిస్పెన్సరీ తలుపు చూపించింది.

క్షమించమని ఎవరు అడిగారు?

ఇప్పుడు మన కూలీ దగ్గరికి తిరిగి వద్దాం. సయాం-బర్మా రైలు మార్గం 415 కిలోమీటర్లు. 1942-43లో జపాన్ సైన్యం దాన్ని వేయించింది. దాదాపు 60 వేల మంది మిత్రదేశాల యుద్ధఖైదీలు అక్కడ పనిచేస్తే, వారిలో 12 వేల మందికి పైగా చనిపోయారు. ఆసియా కూలీల సంఖ్య దానికి ఎన్నో రెట్లు. బర్మా, జావా, మలయాల నుంచి తీసుకువెళ్ళిన వీరిలో మలయా తోటల తమిళులు, తెలుగువారు ఉన్నారు. కలరా, మలేరియా, ఆకలి, దెబ్బలు. చనిపోయినవారు 90 వేల దాకా ఉంటారని అంచనా. మూడు నెలల పని అని చెప్పి తీసుకువెళితే తిరిగి రానివారెందరో.

థాయిలాండ్‌లోని కాంచనబురి యుద్ధ శ్మశానంలో సుమారు 7 వేల సమాధులు ఉన్నాయి. పచ్చిక కత్తిరించి, ప్రతి సైనికుడికీ ఒక ఫలకం పెట్టి ఎంతో శ్రద్ధగా చూసుకుంటారు. అలా చూసుకోవడం న్యాయమే. కాని తోట కూలీల్లో అత్యధికులకు అలాంటి ఫలకం లేదు. ఇటీవలి సంవత్సరాల్లో మలేషియాలోని వారి వారసుల చొరవతోనే వారి జ్ఞాపకానికి కొంత గుర్తింపు వచ్చింది.

ఈ రైలు మార్గం గురించి ప్రపంచానికి బాగా తెలిసిన క్షమాపణ కథ ఎరిక్ లోమాక్స్‌ది. కాంచనబురిలో హింసకు గురైన ఈ స్కాటిష్ అధికారి, ఆనాడు దుబాసీగా పనిచేసిన నగాసే తకాషిని 1993లో అక్కడే కలుసుకున్నారు. నగాసే జీవితమంతా పశ్చాత్తాపంతో గడిపిన మనిషి. లోమాక్స్ క్షమించారు, ఇద్దరూ స్నేహితులయ్యారు. 1995లో లోమాక్స్ పుస్తకం వచ్చింది, 2013లో సినిమా అయింది. ఎవరినైనా కదిలించే కథ.

అది చదివినప్పుడు ఒక ప్రశ్న రాక మానదు. బాగన్ దాతో తోట నుంచి వెళ్ళి తిరిగిరాని తెలుగు కూలీ భార్యను క్షమించమని అడగడానికి ఎవరు వచ్చారు? ఆమె క్షమించడానికి సిద్ధంగా లేదని కాదు. ఆమెను అడిగినవారు లేరు. పెరట్టు పుస్తకం నుంచి పేరు కొట్టేశారు, అంతే. లోమాక్స్‌కు పేరు ఉంది, రెజిమెంటు ఉంది, వెతికితే దొరికే రికార్డు ఉంది. పేరు లేనివాణ్ణి క్షమాపణ అడగలేం.

క్రైస్తవ బోధ ప్రకారం దేవుడి క్షమాపణ అన్ని వర్గాలవారికీ తెరిచే ఉంది. చరిత్ర చూపించేది ఏమంటే, మనిషి మనిషిని అడిగే క్షమాపణ మాత్రం మెట్లను చూసుకునే నడిచింది. పైవాడు పైవాడిని అడిగాడు. కిందివాడికి ఓర్పు నేర్పారు. 'క్షమించు' అన్న మాట ఎప్పుడూ కూలీకే చెప్పి, 'క్షమించమని అడుగు' అన్న మాట మేస్త్రీకి, దొరకు, సైన్యానికి చెప్పకపోతే, ఆ బోధలో సగమే చెప్పినట్టు. ద్రాక్షతోట కథలో చివరివాడికి నాణెం ఇచ్చినవాడు యజమాని. చివరివాణ్ణి ఓర్చుకోమని చెప్పి పంపేయలేదు.

నేటి మలేషియాలో

2020 జనాభా లెక్కల ప్రకారం మలేషియాలో క్రైస్తవులు 9.1 శాతం. వారిలో ఎక్కువమంది సబా, సరావాక్ రాష్ట్రాలవారు. దేశ రాజ్యాంగం 11వ అధికరణం మతస్వేచ్ఛ ఇస్తూనే, ముస్లింల మధ్య ఇతర మతాల ప్రచారాన్ని నియంత్రించే అధికారం చట్టసభలకు ఇచ్చింది. ఆ పరిధిలోనే చర్చిలు పనిచేస్తున్నాయి. మెథడిస్టు సంఘం ఇప్పటికీ భాషల వారీగా వేర్వేరు కాన్ఫరెన్సులుగా నడుస్తోంది.

పినాంగ్ రాష్ట్రంలోని బుకిట్ మెర్తాజాంలో సెయింట్ ఆన్ దేవాలయం పండుగ ఏటా జూలై 26 నాటికి జరుగుతుంది. 19వ శతాబ్దం నుంచీ ఉన్న ఈ క్షేత్రానికి తమిళులు, చైనీయులు, ఇతర జాతులవారు, క్రైస్తవులు కానివారు కూడా పెద్ద సంఖ్యలో వస్తారు. కొవ్వొత్తి పట్టుకుని కొండ ఎక్కే వరుసలో ఎవరు ఏ తోట నుంచి వచ్చారో ఎవరూ అడగరు. పూర్తిగా కాకపోయినా, చాపకూడుకు దగ్గరగా వచ్చే దృశ్యం అది.

1955లో మలయా ఆంధ్ర సంఘం ఏర్పడింది. 1981లో కౌలాలంపూర్‌లో రెండవ ప్రపంచ తెలుగు మహాసభలు జరిగాయి. మలేషియా తెలుగువారు భాషను కాపాడుకున్న తీరు మనందరికీ గర్వకారణం. ఆ చరిత్ర చెప్పుకునేటప్పుడు మనం గుడిని, బడిని, ఉగాదిని తలుచుకుంటాం. తమిళ ఆరాధనలో కూర్చుని మనసులో తెలుగు కీర్తన పాడుకున్న కుటుంబాన్ని కూడా తలుచుకోవాలి. రైలు మార్గానికి వెళ్ళి తిరిగిరాని మనిషిని, అతని మతమేదైనా సరే, తలుచుకోవాలి.

దీనికి పెద్ద సంస్థలు అక్కరలేదు. ఈ సంచిక చదివేవారిలో మలయాతో బంధుత్వం ఉన్నవారు ఉండవచ్చు. ఇంట్లో పెద్దవారుంటే ఒక సాయంత్రం వారి దగ్గర కూర్చోండి. పాత ఉత్తరాలు, ఓడ టిక్కెట్లు, బాప్తిస్మపు కాగితాలు, మొదటి పేజీలో పుట్టినరోజులు రాసుకున్న బైబిలు, తోట పేరున్న జీతం చీటీ, ఏది ఉన్నా అందులోని పేర్లు, ఊళ్ళు, సంవత్సరాలు ఒక నోటుబుక్కులో రాయండి. మలేషియాలోని తెలుగు సంఘానికి, ఆ ప్రాంతపు చర్చికో గుడికో ఒక నకలు పంపండి. ఎప్పటికైనా ఎవరైనా క్షమించమని అడగడానికి వస్తే, అడగడానికి ఒక పేరు ఉండాలి. పంక్తిలో విస్తరి వేసేముందు ఎంతమంది వచ్చారో లెక్క చూసుకోవడం మన ఇళ్ళలో అలవాటే కదా.